నీళ్ళు ఎక్కువ తాగినందుకు నాన్నగారి రక్తంలో సోడియం పడిపోయింది: శరీరం లోపలి సమస్థితి గురించి ఒక సందేహం

ప్రశ్న: ఉప్పల్ నివాసి

అందరికీ నమస్కారం. మా నాన్నగారి వయస్సు 71 సంవత్సరాలు. చాలా ఏళ్ళుగా రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నారు, అంతకు మించి జబ్బులేవీ లేవు. ఈ ఏడాది మే నెలలో ఎండలు 42 డిగ్రీలకు చేరినప్పుడు, వడదెబ్బ తగలకుండా ఉండాలంటే నీళ్ళు బాగా తాగాలని ఇంటిల్లిపాదీ ఆయనకు పదే పదే చెప్పాము. ఆయన చెప్పిన మాట వినే మనిషి. లీటరు సీసా పక్కన పెట్టుకొని, లెక్క తప్పకుండా రోజుకు ఐదు సీసాలు తాగేవారు. ఎండకు ఆకలి మందగించడం వల్ల మధ్యాహ్నం పలచటి జావ, రాత్రికి రెండు ఇడ్లీలు తప్ప ఏమీ తినలేకపోయేవారు. రక్తపోటు ఉన్నదని కూరల్లో ఉప్పు అంతకు ముందే సగానికి తగ్గించి ఉన్నాము. కూలరు ముందు నుంచి ఆయన కదిలింది కూడా తక్కువే.

వారం పది రోజులు గడిచాక ఆయన నడకలో తూలు కనిపించింది. ఒక ఉదయం దినపత్రికను తలకిందులుగా పట్టుకొని చదువుతున్నట్టుగా కూర్చున్నారు. పలకరిస్తే నన్ను మా చిన్నాన్న పేరుతో పిలిచారు. వడదెబ్బ అనుకొని ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. జ్వరం లేదు. రక్త పరీక్షలో సోడియం 119 వచ్చింది, 135 నుంచి 145 మధ్య ఉండాలట. నీళ్ళు తగ్గించి, సెలైన్‌ను చాలా నెమ్మదిగా ఎక్కిస్తూ, కొన్ని గంటలకొకసారి రక్తం తీసి చూస్తూ నాలుగు రోజులు ఉంచుకున్నారు. ఉప్పు తగ్గితే ఉప్పు ఎక్కించి ఒక్క రోజులో పంపించలేరా అని నాకు ఆ రోజుల్లో చాలా కోపం వచ్చిన మాట నిజం. "మెల్లగానే పెంచాలి" అని డాక్టరుగారు అన్నారు, వివరించే తీరిక వారికి లేకపోయింది. నాన్నగారు కోలుకున్నారు, ఇప్పుడు బాగానే ఉన్నారు.

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాత్రం నేను జవాబు చెప్పలేకపోయాను. "బయట ఎలా ఉన్నా లోపలి పరిస్థితులను శరీరం స్థిరంగా ఉంచుతుందని పుస్తకంలో ఉంది కదా నాన్నా, ఎక్కువైన నీటిని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయని కూడా ఉంది, మరి తాతయ్య విషయంలో ఎందుకు పంపలేదు?" అని అడిగింది. అవే రోజుల్లో నేను కూడా రోజుకు నాలుగైదు లీటర్లు తాగాను, నాకేమీ కాలేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: తార్నాక, విశ్రాంత అధ్యాపకురాలు

మీ అమ్మాయి అడగవలసిన ప్రశ్నే అడిగింది. నేను వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను కనుక, కొంచెం వివరంగా రాస్తాను.

మొదట, స్థిరంగా ఉండేది ఏమిటో చూడాలి. మన కణాలు బయటి గాలిలో బతకడం లేదు, తమ చుట్టూ ఉన్న ఉప్పటి ద్రవంలో బతుకుతున్నాయి. 70 కిలోల మనిషిలో దాదాపు 42 లీటర్ల నీరు ఉంటే, అందులో 14 లీటర్లు కణాల బయట ఉంటుంది, దానిలో మూడు లీటర్లు రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా. ఈ ద్రవమే మనకు నిజమైన వాతావరణమని 19వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన క్లాడ్ బెర్నార్డ్ గుర్తించాడు. దాన్ని ఒక హద్దులో నిలిపే ఏర్పాటుకు అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1926లో హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో దాన్నే సమస్థితి అంటున్నాము.

పుస్తకాల్లో స్థిరత్వం అన్న మాట చదివిన పిల్లలు శరీరంలో ఏదీ మారదనుకుంటారు. నిజానికి ఒకదాన్ని నిలబెట్టడానికి శరీరం మరొకదాన్ని విపరీతంగా మారనిస్తుంది. రక్తం చిక్కదనం, అంటే అందులో కరిగిన లవణాల వంటి పదార్థాల సాంద్రత, ఒక శాతం మారినా మెదడులోని హైపోథలామస్ పసిగడుతుంది, మూత్రం మాత్రం రక్తం చిక్కదనంలో ఆరో వంతు దాకా పలచబడగలదు, నాలుగు రెట్ల దాకా చిక్కబడగలదు. రక్తం మారకుండా ఉండడానికే మూత్రం అంతగా మారుతున్నది. అమ్మాయికి ఇది అర్థమైతే మిగిలినదంతా అర్థమవుతుంది.

మామూలుగా జరిగేది ఇది. నీళ్ళు ఎక్కువ తాగితే రక్తం రవ్వంత పలచబడుతుంది. హైపోథలామస్ దాన్ని గమనించి, పీయూష గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను విడుదలను తగ్గిస్తుంది. ఆ హార్మోను తగ్గగానే మూత్రపిండాల చివరి గొట్టాలు నీటిని వెనక్కి పీల్చుకోవడం మానేస్తాయి, గంట గడిచేలోగా పలచటి మూత్రం ధారాళంగా వస్తుంది. నీళ్ళు తక్కువైనప్పుడు ఇదే దారిలో ఎదురుగా నడుస్తుంది: హార్మోను పెరుగుతుంది, మూత్రం చిక్కబడుతుంది, దాహం వేస్తుంది. మార్పును దాని ఫలితమే వెనక్కి లాగే ఈ పద్ధతిని నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు తప్ప మిగిలినదంతా రక్తానికి తిరిగి ఇస్తాయి. మూడు లీటర్ల ప్లాస్మా రోజుకు 60 సార్లు వడపోతకు గురవుతున్నదన్నమాట. ఈ అంకె చెప్పిన ప్రతి ఏడాదీ తరగతిలో పిల్లలు ఒక్క క్షణం రాయడం ఆపి తల ఎత్తేవారు.

మరి మీ నాన్నగారి విషయంలో ఏమైంది? మూత్రంగా పోయే నీరు ఒట్టి నీరుగా పోవడం కుదరదు. ఎంత పలచగా చేసినా లీటరు మూత్రంలో కనీసం 50 మిల్లీఆస్మోళ్ళ (కరిగి ఉన్న కణాల సంఖ్యకు కొలత) లవణాలు, యూరియా ఉండి తీరాలి. ఇవి మనం తినే ఉప్పు నుంచి, పప్పు, పాలు, గుడ్లలోని ప్రోటీను నుంచి వస్తాయి. మామూలుగా భోజనం చేసే మనిషికి రోజుకు 600 పైగా సమకూరతాయి కనుక, అవసరమైతే ఆయన 12 లీటర్లు కూడా విసర్జించగలడు. మీరు నాలుగైదు లీటర్లు తాగి నిశ్చింతగా ఉన్నది అందుకే. జావ, రెండు ఇడ్లీలతో, సగం ఉప్పుతో గడిపినవారికి అది 250 దాకా పడిపోవచ్చు. వయస్సు పెరిగిన మూత్రపిండం 50 దాకా పలచన చేయలేక 100 దగ్గరే ఆగిపోయిందనుకోండి, ఆ రోజుకు రెండున్నర లీటర్లకు మించి నీరు బయటికి పోయే దారి లేదు. ఆయన తాగింది ఐదు లీటర్లు. చెమట, ఊపిరి ద్వారా పోయినది పోగా రోజుకు అర లీటరు లోపల మిగిలినా పది రోజులకు ఐదు లీటర్లవుతుంది. ఒంట్లో 30 లీటర్ల నీరున్న పెద్దాయనకు మరో ఐదు లీటర్లు కలిస్తే, చిటికెడు ఉప్పు కూడా పోకుండానే 140 ఉన్న సోడియం 120కి దిగుతుంది. ఇది మోటు లెక్క, కొంత ఉప్పు పోవడం కూడా జరిగి ఉండవచ్చు. అయినా దారి ఇదేనని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి అడగాలి. వారు వేసుకునే మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ గాని, క్లోర్‌థాలిడోన్ గాని ఉన్నదా? ఈ మందులు మూత్రపిండంలో సరిగ్గా మూత్రాన్ని పలచన చేసే భాగంలోనే ఉప్పు తిరిగి పీల్చుకోవడాన్ని అడ్డుకుంటాయి. రక్తపోటుకు అవి మంచి మందులే, పెద్ద వయస్సులో సోడియం తగ్గడానికి తరచుగా కనిపించే కారణాల్లో కూడా అవి ఒకటి. ఈ మాట చదివి ఎవరూ తమంతట తాము మాత్ర మానకూడదు, అది రాసిన వైద్యుణ్ణి అడగాలి.

నాలుగు రోజులు ఎందుకు పట్టిందన్న మీ కోపం గురించి. రక్తం పలచబడితే నీరు కణాల్లోకి చొరబడి అవి ఉబ్బుతాయి. కాలి కండరం ఉబ్బితే చోటుంది, పుర్రెలో మెదడుకు చోటు లేదు. పత్రిక తలకిందులైనది, పేరు తప్పినది అక్కడే. ఆ ఉబ్బు నుంచి బయటపడటానికి మెదడు కణాలు రెండు రోజుల వ్యవధిలో తమలోని పొటాషియాన్ని, మరికొన్ని పదార్థాలను బయటికి తోసివేసి, తక్కువ సోడియానికి సర్దుకుంటాయి. అలా సర్దుకున్న మెదడు చుట్టూ ఒక్కరోజులో సోడియాన్ని 140కి తీసుకువస్తే, ఈసారి కణాల్లోని నీరు బయటికి లాగబడి అవి కుంచించుకుపోతాయి. మెదడు కాండంలో నరాల పొర దెబ్బతిని, మాట, మింగడం, కాళ్ళూ చేతులూ పడిపోయిన రోగులు ఉన్నారు. అందుకే 24 గంటల్లో ఎనిమిది, మహా అయితే పది అంకెలకు మించి పెంచరు. కొన్ని గంటలకొకసారి రక్తం తీసింది, ఎక్కువ వేగంగా పెరుగుతున్నదేమో కనిపెట్టడానికి. మీ నాన్నగారికి జరిగింది సరైన చికిత్సే.

జవాబు: బాలానగర్ ఫౌండ్రీ పర్యవేక్షకుడు

మేడమ్ గారి వివరణ చదివాక, నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్న ఒక విషయం చెప్పాలనిపించింది. నేను బాలానగర్‌లో పోత పని చేసే ఒక చిన్న కార్ఖానాలో పర్యవేక్షకుణ్ణి. మా దగ్గర యూనిఫారం ముదురు నీలం రంగు చొక్కా. కొత్తగా చేరిన కుర్రవాడు కొలిమి దగ్గర మొదటి రోజులు పని చేసి సాయంత్రం చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తే, అది ఆరేసరికి వీపు మీద, చంకల కింద తెల్లటి ఉప్పు గీతలు సముద్రపు ఒడ్డున అల వెనక్కి పోయిన గుర్తుల్లాగా వరుసలుగా కనిపిస్తాయి. వేలితో గీరితే పొడి రాలుతుంది. అదే కుర్రవాడి చొక్కాను రెండు వారాల తరువాత చూస్తే, చెమట ముందు కన్నా ఎక్కువగానే తడిపి ఉంటుంది, ఆ తెల్ల గీతలు మాత్రం పలచబడి ఉంటాయి. సంక్రాంతికో, పెళ్ళికో ఊరికి వెళ్ళి నెల రోజులు ఉండి తిరిగి వస్తే, మళ్ళీ గీతలు వస్తాయి.

అందుకే మొదటి వారం కొత్తవాళ్ళను కొలిమి దగ్గర రెండు మూడు గంటలకు మించి నిలబెట్టను. తల తిరిగి పడిపోయినవాళ్ళలో ఎక్కువమంది మొదటి నాలుగైదు రోజులవాళ్ళే. ఉప్పు వేసిన మజ్జిగ డ్రమ్ము మా దగ్గర పదకొండింటికి, మూడింటికి వస్తుంది. ఒట్టి నీళ్ళే గటగటా తాగినవాళ్ళకు మధ్యాహ్నం తొడల్లో, పిక్కల్లో కండరాలు పట్టేయడం చూశాను. శాస్త్రం నాకు తెలియదు, ఇది ఎందుకు జరుగుతుందో మేడమ్ గారు చెప్పగలరా?

జవాబు: తార్నాక, విశ్రాంత అధ్యాపకురాలు

మీ చొక్కా పరిశీలనను మా ప్రయోగశాలలో పాఠంగా చెప్పి ఉండవలసింది. స్వేద గ్రంథి అడుగుభాగంలో తయారయ్యే ద్రవం దాదాపు ప్లాస్మా అంత ఉప్పగానే ఉంటుంది. అది గొట్టం గుండా చర్మం పైకి వచ్చే లోపల గొట్టం గోడలు సోడియాన్ని వెనక్కి తీసుకుంటాయి. ఎండకు అలవాటు పడుతున్న రోజుల్లో ఎడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టెరాన్ హార్మోను ఎక్కువగా వచ్చి, ఆ వెనక్కి తీసుకునే పనిని పెంచుతుంది. పది పద్నాలుగు రోజులకు చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా వస్తుంది, అందులో ఉప్పు తక్కువగా ఉంటుంది, రక్తంలో ప్లాస్మా కొంత పెరిగి గుండె మీద భారం తగ్గుతుంది. వేడికి దూరంగా కొన్ని వారాలు గడిపితే ఈ సంపాదన కరిగిపోతుంది. రోజంతా ఏసీ గదిలో ఉండి మే నెల మధ్యాహ్నం ఒక్కసారిగా ఎండలో నిలబడే ఉద్యోగి, మీ కొత్త కుర్రవాడు ఒకే స్థితిలో ఉన్నారు.

ఒట్టి నీళ్ళ విషయంలో శరీరానికి ఒక ఇరకాటం ఉంది. చెమటలో నీరు, ఉప్పు రెండూ పోయినప్పుడు నీటిని మాత్రమే తిరిగి ఇస్తే రక్తం పలచబడుతుంది కనుక, నీటిని బయటికి పంపమని చిక్కదనాన్ని కనిపెట్టే కాపలా చెబుతుంది. ఉప్పు తగ్గడం వల్ల రక్తం మొత్తం పరిమాణం కూడా తగ్గి ఉంటుంది, ఒక్క చుక్క కూడా వదలవద్దని రక్తనాళాల్లో పీడనాన్ని కనిపెట్టే కాపలా చెబుతుంది. రెండు కాపలాలకూ చేతిలో ఉన్నది ఒకే వాసోప్రెసిన్. నష్టం పెద్దదైనప్పుడు పీడనం మాటే నెగ్గుతుంది. రక్తం కొంత పలచబడినా కొంతసేపు బతకవచ్చు, పీడనం పడిపోతే మెదడుకు రక్తం అందదు. సమస్థితిలో అన్నిటికీ ఒకే పెద్దపీట లేదు, ఆపదలో దేన్ని వదులుకోవాలో కూడా శరీరంలో రాసి ఉన్నది.

మీ మజ్జిగ డ్రమ్ము ఈ ఇరకాటాన్ని ముందే తప్పిస్తున్నది. పూర్వం ఇళ్ళలో తాగిన తరవాణి, ఉప్పు వేసిన గంజి, జొన్న అంబలి కూడా ఇదే పని చేసేవి. వాంతులు, విరేచనాలలో ఇచ్చే ఓఆర్‌ఎస్ పొడిలో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పుతో పాటు 13.5 గ్రాముల గ్లూకోజు ఎందుకు ఉంటుందని విద్యార్థులు అడుగుతుండేవారు. పేగు గోడలో సోడియాన్ని, గ్లూకోజును జతగా లోపలికి తీసుకువెళ్ళే ఒక ప్రోటీను ఉంది, ఆ రెండింటి వెంటే నీరు వెళుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీటిని డ్రమ్ముల నుంచి తాగించి వేలమందిని బతికించారు. మన దేశపు వైద్యంలో నేను అమితంగా గౌరవించే ఘట్టాల్లో అది ఒకటి.

జవాబు: మియాపూర్, సొంత ఊరు బందరు

నాది బందరు, ఉద్యోగరీత్యా మియాపూర్‌లో ఉంటున్నాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మా వైపు అంటారు. అయితే హైదరాబాదులో 42 డిగ్రీలున్న రోజు నీడలో కూర్చుంటే ప్రాణం కుదుటపడుతుంది, బందరులో 37 ఉన్న రోజు నీడలో కూడా ఉక్కపోతకు ఊపిరి ఆడనట్టుంటుంది. ఒంటి వేడి 37 అయితే, 42 డిగ్రీల గాలిలో శరీరం చల్లబడటం ఎలా సాధ్యం, 37 డిగ్రీల గాలిలో అంత కష్టం ఎందుకు?

జవాబు: తార్నాక, విశ్రాంత అధ్యాపకురాలు

మీ ఇంట్లో మట్టి కుండ ఉంటే జవాబు దానిలోనే ఉన్నది. మే నెలలో హైదరాబాదు పొడిగాలికి కుండ బయటి గోడ ఎప్పుడూ తడిగా, చేయి వేస్తే చల్లగా ఉంటుంది. గోడ నుంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. అదే కుండను జూలై ముసురులో చూడండి, గోడ తడిగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం అంత చల్లబడవు. కుండకు అందం కోసం రంగు పూస్తే ఊట ఆగిపోయి మే నెలలో కూడా చల్లబడదు.

మనిషి ఒళ్ళు ఊరకే కూర్చున్నా 80 నుంచి 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది. గాలి చర్మం కన్నా చల్లగా ఉన్నంతసేపు ఆ వేడి దానంతట అదే గాలిలోకి పోతుంది. గాలి 35 డిగ్రీలు దాటితే ఆ దారులు మూసుకుపోతాయి, 42లో అవి ఎదురు తిరిగి బయటి వేడిని లోపలికి తెస్తాయి. అప్పుడు మిగిలే దారి చెమట ఆవిరి కావడం ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. 70 కిలోల మనిషి ఒళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి 58 కిలోకేలరీలు చాలు. అంటే ఒక ఇరానీ చాయ్ కప్పు నిండేంత, 100 మిల్లీలీటర్ల చెమట మీ ఒంటి నుంచి ఆవిరైతే ఒక డిగ్రీ దిగినట్టే. ఆవిరైతే అన్న మాట ముఖ్యం. బందరు గాలిలో తేమ నిండి ఉండడం వల్ల చెమట ఆవిరి కాకుండా కారి నేల మీద పడుతుంది. నీరూ ఉప్పూ పోతాయి, వేడి పోదు. కిటికీలన్నీ మూసిన గదిలో కూలరు వేసుకొని ఒళ్ళు జిడ్డుగా ఉన్నదని బాధపడేవారికి కూడా ఇదే సంగతి వర్తిస్తుంది, కిటికీ కొంచెం తెరవాలి.

ఇంకొక భారం గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. లోపలి వేడిని చర్మానికి చేర్చేది రక్తమే. చల్లని వేళ చర్మానికి నిమిషానికి అర లీటరు లోపే వెళ్ళే రక్తం, తీవ్రమైన వేడిలో ఆరు నుంచి ఎనిమిది లీటర్లకు చేరగలదు. గుండె ఆ మేరకు కష్టపడాలి, పేగులకు, మూత్రపిండాలకు వెళ్ళే రక్తాన్ని తగ్గించి సర్దాలి. వేసవిలో ఆకలి మందగించడం, ఎక్కువసేపు నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం, గుండె జబ్బు ఉన్నవారికి ఎండ ప్రమాదకరం కావడం ఈ సర్దుబాటుతో ముడిపడి ఉన్నవే.

జవాబు: అత్యవసర విభాగంలో నర్సు, సికింద్రాబాద్

పైన వడదెబ్బ ప్రస్తావన వచ్చింది కనుక ఒక విషయం తప్పక చెప్పాలి. ప్రతి వేసవిలో ఒళ్ళు కాలిపోతున్న మనిషికి పారాసిటమాల్ మాత్ర వేసి, రెండు మూడు గంటలు ఇంట్లోనే ఎదురుచూసి తీసుకువచ్చే కుటుంబాలను చూస్తాము. ఆ గంటలే ప్రాణం తీస్తాయి.

జ్వరం వేరు, వడదెబ్బ వేరు. జ్వరంలో సూక్ష్మజీవితో పోరాటంలో భాగంగా హైపోథలామస్ తన లక్ష్యాన్నే 37 నుంచి 39కి జరుపుకుంటుంది. అందుకే 38 డిగ్రీల ఒంటితో రోగి చలి చలి అంటూ దుప్పటి లాక్కుంటాడు, వణుకుతాడు, కాళ్ళూ చేతులూ చల్లగా ఉంటాయి. శరీరం తాను కోరుకున్న 39కి చేరడానికి పని చేస్తున్నది. పారాసిటమాల్ ఆ లక్ష్యాన్ని మళ్ళీ కిందికి దించుతుంది, చెమటలు పోసి జ్వరం దిగుతుంది. వడదెబ్బలో లక్ష్యం 37 దగ్గరే ఉంటుంది, దాన్ని చేరుకునే శక్తి ఉడిగిపోతుంది. దించడానికి అక్కడ ఏమీ లేదు కనుక మాత్ర పని చేయదు.

ఒంటి వేడి 40 దాటి, మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, మూర్ఛ వచ్చినా 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చే దాకా చల్లబరుస్తూనే ఉండాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి గట్టిగా విసరాలి, ఐసు ఉంటే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉప్పల్ సోదరుడు వాళ్ళ నాన్నగారికి జ్వరం లేదని గమనించి ఆ మాట ఆసుపత్రిలో చెప్పి ఉంటే అది మాలాంటివారికి ఎంతో ఉపయోగపడే సమాచారం. వేడి లేకుండా అయోమయం అంటే మేము వెంటనే చక్కెర, సోడియం చూస్తాము.

ప్రశ్న అడిగినవారి స్పందన: ఉప్పల్ నివాసి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అధ్యాపకురాలి గారి సమాధానాన్ని మా అమ్మాయి బిగ్గరగా చదివి వినిపించింది, నాన్నగారు కూడా విన్నారు. మాత్రల అట్ట తీసి చూస్తే టెల్మిసార్టాన్‌తో కలిపి హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్నది. డిశ్చార్జి కాగితంలో దాన్ని మార్చి వేరే మాత్ర రాశారని ఇప్పుడు అర్థమైంది, అప్పుడు నేను ఆ వరుసను చదవనే లేదు. నెల తరువాత చేయించిన పరీక్షలో సోడియం 137 వచ్చింది. చికిత్స చేసిన డాక్టరుగారిని కలిసి, ఆ రోజు గట్టిగా మాట్లాడినందుకు క్షమించమని అడిగాను.

రెండు సందేహాలు మిగిలాయి. పెద్దవారు మరి ఎన్ని నీళ్ళు తాగాలి? మా అమ్మాయి ప్రశ్న వేరు: వేసవిలో ఇంత తాగినా మూత్రం తక్కువగా ఉంటుంది, డిసెంబరు తెల్లవారుజామున ఏమీ తాగకపోయినా మాటిమాటికీ వెళ్ళవలసి వస్తుంది, ఎందుకు?

జవాబు: తార్నాక, విశ్రాంత అధ్యాపకురాలు

డాక్టరుగారిని కలిసి మాట్లాడినందుకు సంతోషం.

పెద్దవారి విషయంలో నేను ఒక అంకె చెప్పను. వయస్సుతో దాహం మందగిస్తుంది కనుక, దాహం వేసినప్పుడే తాగితే చాలని వారికి చెప్పలేము, మూత్రాన్ని పలచన చేసే శక్తి కూడా తగ్గుతుంది కనుక, ఎంత తాగినా ఫరవాలేదని కూడా చెప్పలేము. రెండు వైపులా వారికి హద్దులు దగ్గరకు వచ్చాయి. భోజనంతో ఒక గ్లాసు, మధ్యలో కొంచెం కొంచెం, అందులో ఒకటి రెండు సార్లు మజ్జిగ, పప్పు, పెరుగు మానకుండా తిండి, వీటితో పాటు మూత్రం లేత పసుపు రంగులో ఉన్నదా అని గమనించడం చాలామందికి సరిపోతుంది. ముదురు పసుపైతే నీరు చాలలేదని, రోజంతా నీళ్ళలాగే తెల్లగా ఉంటే అవసరానికి మించి తాగుతున్నారని సూచన. రక్తపోటు ఉన్నవారికి మజ్జిగలో ఉప్పు ఎంత అన్నది మీ డాక్టరుగారే చెప్పాలి.

అమ్మాయి ప్రశ్నకు: చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేడి బయటికి పోకుండా ఉండడానికి. అక్కడి రక్తం ఛాతీ వైపు, లోపలి పెద్ద నాళాల్లోకి చేరుతుంది. ఒంట్లో మొత్తం రక్తం పెరగకపోయినా, గుండె గోడల్లో సాగుదలను కనిపెట్టే కాపలాకు రక్తం ఎక్కువైనట్టు తోస్తుంది, వాసోప్రెసిన్ తగ్గుతుంది, మూత్రం పెరుగుతుంది. చెమటగా పోయే నీరు కూడా చలికాలంలో తక్కువ కనుక అది కూడా ఇటే వస్తుంది. డిసెంబరులో దుప్పటి కప్పుకొన్న రోజును, కప్పుకోని రోజును పోల్చి అమ్మాయిని ఒక వారం రాసి పెట్టమనండి. ఏమి గమనించిందో ఇక్కడ రాస్తే నేను తప్పక చదువుతాను.